దగ్గరి బంధువులు ఎవరూ లేరు

“నెమ్మదిగా మాట్లాడక్కా, పక్కవాళ్ళు వింటారు,” అన్నాడు తమ్ముడు.

టైలరమ్మ అప్పటికింకా గొంతు పెంచనే లేదు. పెంచాల్సిన అవసరం ఉందని అతనే గుర్తుచేసినట్టయింది.

“విననీ. బ్యానరు కట్టి పేటంతటి చేతా చదివించబోయేవాడివి, పక్కింటివాళ్ళు వింటే నీకొచ్చిన కష్టమేంటి?”

ఆ బ్యానరు మిషను మీద సగం అంచు కుట్టి అలాగే ఉంది. ఆకుపచ్చ గుడ్డ, పన్నెండడుగుల పొడవు. సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. పొద్దున తమ్ముడి షాపు వ్యానులో వచ్చింది, ఎప్పటిలాగే మడతపెట్టి, పైన ఒక చీటీతో. నాలుగు వైపులా అంచు, రెండు పక్కలా కర్ర దూరేంత గొట్టం.

తొమ్మిదేళ్ళుగా సేవా సంఘం బ్యానర్లన్నీ ఆవిడ చేతిమీదుగానే పోతున్నాయి. రక్తదానం గానీ, కళ్ళజోళ్ళు గానీ, మొక్కలు గానీ. కూలి తీసుకోదు, తమ్ముడి సంఘం కదా మరి. అక్షరాలున్న వైపు కిందికి పెట్టి కుడుతుంది కాబట్టి చదివే అలవాటూ లేదు. ఈ రోజు మాత్రం మూల తిప్పుతుంటే గుడ్డ జారి వెల్లకిలా పడింది. తీసి సర్దబోయి చూస్తే, తన ఇంటి నంబరు.

‘ఆదివారం ఒక ఇల్లు. నిరుపేద ఒంటరి మహిళకు మన సేవా సంఘం చేయూత.’ కింద వీధి, డోరు నంబరు. ఆ నంబరు ఇంట్లో ఆవిడ తప్ప ఇంకో మహిళ లేదు.

ఫోను చేసి “రా” అని ఒక్క మాట అంది. ఆ ‘రా’ ఎలాంటిదో చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు కాబట్టి తమ్ముడు పావుగంటలో దిగాడు, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని. పెళ్ళాం ఉంటే అక్క కాస్త తగ్గుతుందని లెక్క. ఆ లెక్క ఇవాళ తప్పింది.

“నేను నిరుపేదనా?” అని అడిగింది టైలరమ్మ.

“అది మామూలుగా వేసే మాటే అక్కా. ప్రతి నెలా అదే వేస్తాం. ప్రింటింగువాడి దగ్గర ఆ ముక్క రెడీగా ఉంటుంది.”

“రెండు మిషన్లున్నాయి నాకు. మూడు స్కూళ్ళ యూనిఫారాలు కుడుతున్నాను. నీ పెళ్ళికి నువ్వేసుకున్న కోటు కూడా ఈ చేతులు కుట్టిందే. నిరుపేద కుట్టిన కోటు తొడుక్కునే పెళ్ళి చేసుకున్నావా?”

తమ్ముడు అసలు సంగతి మెల్లిగా బయటపెట్టాడు. నెలకో ఇల్లు బాగుచేస్తారు కదా, ఈ నెల వంతుకి రిటైరైన ఒక పోస్టుమాను ఇల్లు అనుకున్నారట. ఆయన అంతా ఒప్పుకుని, ఫోటోల దగ్గరికొచ్చేసరికి, ‘నా మొహం మీ సంఘం పత్రికలో పడటానికి వీల్లేదు, కప్పు కారితే కారనీ’ అని తలుపేసుకున్నాడట. ఆదివారం పైనుంచి పెద్ద అధికారి వస్తున్నారు. నలభైమంది వాలంటీర్లు పేర్లిచ్చారు. ఆ రోజుకి ఏదో ఒక ఇల్లు లేకపోతే సంఘం పరువు పోతుంది, తన ప్రెసిడెంటు గిరీ నవ్వులపాలవుతుంది. సరిగ్గా అప్పుడే అక్క ఇల్లు గుర్తొచ్చిందట.

“నీ కప్పు కారుతోంది కదక్కా. మొన్న వానకి గుడ్డ తడిసిందని నువ్వే అన్నావు. నేనేం చెడు చేశాను?”

ఆ మాటతో టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

కప్పు కారడం ఇవాళ కొత్తగా మొదలవలేదు. కత్తిరించే బల్ల మీదికే కారుతుంది, అదేం పగో. రెండేళ్ళ కిందట తమ్ముడి పెయింట్ల షాపుకి తనే నడిచి వెళ్ళి, నీళ్ళు దిగకుండా పూసే ఆ మందు ఒక డబ్బా ఇమ్మంది. ఊరికే కాదు, కొనుక్కుంటానంది. షాపులో అప్పుడు ఎవరో పెద్దమనుషులున్నారు. ‘చూద్దాంలే, పంపిస్తాలే’ అని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. డబ్బా రాలేదు. మళ్ళీ అడగడానికి ఆవిడకి మనసొప్పలేదు. వాన పడినప్పుడల్లా బల్ల జరుపుకుంటూ రెండేళ్ళు గడిపింది.

“తమ్ముడిగా ఒక్క డబ్బా పంపలేకపోయావు,” అంది. “ప్రెసిడెంటువై నలభైమందిని వెంటేసుకుని, ఫోటోలు తీయించుకుంటూ వచ్చి పూస్తావా?”

“మర్చిపోయానక్కా. షాపులో ఎన్ని పనులు.”

“మర్చిపోయినవాడివి డోరు నంబరు మాత్రం తప్పులేకుండా రాశావు.”

మరదలు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో మొగుడి బ్యాగు పెట్టుకుని, దాని జిప్పు లాగుతూ మూస్తూ ఉంది.

తమ్ముడు కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. బ్యానరు ఎవరు చదువుతారక్కా, కట్టామా విప్పామా అంతే కదా అన్నాడు.

“కుట్టేవాళ్ళు చదువుతారు,” అంది టైలరమ్మ. అప్పుడే ఆవిడకి ఇంకో సంగతి తట్టింది. “అయినా మీ సంఘంలో సభ్యుల బంధువులకి సాయం చెయ్యకూడదుగా. పోయినేడు నా దగ్గర కాజాలు కుట్టే అమ్మాయి అడిగితే, వాళ్ళ మేనమామ సభ్యుడని నువ్వే కాదన్నావు. ఆ రూలు పెట్టింది నేనేనని గొప్పగా చెప్పావు కూడా. మరి నా ఇల్లెలా ఒప్పుకున్నారు?”

తమ్ముడు మిషను పక్కనున్న దారపు కండె తీసి చేతిలో తిప్పడం మొదలుపెట్టాడు.

“అడుగుతున్నది నిన్నే.”

అప్పుడు మరదలు లేచింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి వదినగారి చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు “నీకేం పనిలేదా” అన్నట్టు చూశాడు. ఆవిడ ఆ చూపుని పట్టించుకోలేదు.

అది దరఖాస్తు. సంతకం తప్ప మిగతాదంతా నింపి ఉంది. రాత తమ్ముడిదే. ఆ గుండ్రటి అక్షరాలు టైలరమ్మకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? అమ్మానాన్న పోయిన ఏడాది, పగలంతా మిషను తొక్కి సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, తన చేతిరాత చూపించి దిద్దించింది. పదేళ్ళ పిల్లాడు వాడప్పుడు. తనకి పందొమ్మిది.

పేరు, వయసు, వృత్తి. ఆ కింద ‘దగ్గరి బంధువులు’ అని ఒక గడి. అందులో అదే గుండ్రటి రాతలో, ‘ఎవరూ లేరు.’

టైలరమ్మ ఆ గడిని చాలాసేపు చూసింది.

“ఎవరూ లేరా నాకు?”

“అలా రాయకపోతే లాయరమ్మ ఒప్పుకోదక్కా. సెక్రటరీ కదా, అక్షరం అక్షరం చూస్తుంది. బంధువునని తెలిస్తే పదవి ఊడుతుంది. కాగితం మీద మాటే కదా, నిజంగా నువ్వు నాకు కాకుండా పోతావా? సంతకం ఒక్కటి పెట్టు. ఆదివారం సాయంత్రానికి నీ ఇల్లు అద్దంలా ఉంటుంది.”

“తొమ్మిదేళ్ళు కుట్టానే మీ సంఘానికి. ఎవరు కుడుతున్నారని అక్కడ అడగలేదా ఎవరూ? నేనెవర్నని చెప్పావు?”

తమ్ముడు కండె కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“తెలిసిన టైలరు అని చెప్తారు వదినా,” అంది మరదలు, తల ఎత్తకుండానే. “మొదట్నుంచీ అంతే.”

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్న చప్పుడు వినిపించింది.

అలా చెప్తాడని తను ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళ మీటింగులకి తను వెళ్ళదు, తనని పిలవరు. పిలవకపోయినా, ‘ఇది మా అక్క కుట్టింది’ అని ఒక్కసారైనా చెప్పి ఉంటాడనుకుంది. ఆ మాట చెప్పి ఉంటాడన్న నమ్మకంతోనే ప్రతి అంచూ రెండేసి వరసలు కుట్టింది. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది. ముందు తన మీదే కోపమొచ్చింది, తర్వాత వాడి మీద దానికి పదింతలు.

“ఇదిగో విను,” అంది. “గురువారం మీ మీటింగు. ఆదివారం కార్యక్రమాలు అక్కడేగా ఖాయం చేస్తారు? అందరి ముందూ నీ నోటితో చెప్పు, నేనెవర్నో. పదవి ఉంటుందో ఊడుతుందో నాకనవసరం. నువ్వు చెప్పకపోతే నేనే వస్తాను.”

“అక్కా, చిన్న విషయానికి...”

“చిన్న విషయమైతే చెప్పడానికేం?”

వెళ్తూ వెళ్తూ దరఖాస్తు తీసుకుని బ్యాగులో పెట్టుకుని, గుమ్మంలో ఆగి, “కాస్త ఆలోచించుకో,” అన్నాడు తమ్ముడు. ఆలోచించుకోవలసింది ఆవిడేనట. ఆ మాటకి వెనక నుంచి కత్తెర విసరనందుకు టైలరమ్మ తర్వాత చాలాసేపు విచారించింది.

మర్నాడు తమ్ముడు రాలేదు, ఫోనూ లేదు. వచ్చింది పళ్ళ డాక్టరు. సంఘంలో ఫోటోల బాధ్యత ఆయనది. మనిషి మంచివాడే, కానీ కొందరి మంచితనం ఎదుటివాళ్ళ ప్రాణం తీస్తుంది. ఏ మూల నుంచి తీస్తే గోడ మీద చెమ్మ బాగా కనపడుతుందో చూసుకోవడానికి వచ్చానన్నాడు. చెప్పులు విప్పకుండానే ఇల్లంతా తిరిగాడు. కత్తిరించే బల్ల దగ్గర, పైన కప్పు పెచ్చులూడిన చోట నిలబడి, “అద్భుతం,” అన్నాడు.

తర్వాత సలహాలు మొదలయ్యాయి. ఆదివారం కొత్త బట్టలు వేసుకోవద్దట, ఇంట్లో వేసుకునేవి చాలట. రెండో మిషను ఆ పూటకి ఎక్కడైనా దాచాలట, రెండుంటే చూసేవాళ్ళు ఇంకోలా అనుకుంటారట. పెయింటు డబ్బా అందుకునేటప్పుడు కెమెరా వైపు కాకుండా ప్రెసిడెంటు గారి మొహంలోకి చూడాలట, కాస్త కృతజ్ఞతగా.

“ఎలా చూడాలి?” అని అడిగింది టైలరమ్మ.

ఆయన నిజంగానే చూసి చూపించాడు.

అనాల్సింది ఈయన్ని కాదని టైలరమ్మ పళ్ళు బిగబట్టింది. వెళ్ళేముందు ఆయన గొంతు తగ్గించి, “పాపం, మీకు ఎవరూ లేరటగా. మా ప్రెసిడెంటు గారిది వెన్నలాంటి మనసమ్మా, మీ సంగతి చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు,” అన్నాడు.

ఆయన వెళ్ళాక టైలరమ్మ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నాలుగుసార్లు తిరిగింది. కళ్ళనీళ్ళు కూడానా. దిక్కులేనిదాన్ని చేసి, ఆ దిక్కులేనిదాని కోసం ఏడ్చాడా వీడు? రేపు ఇవ్వాల్సిన యూనిఫారం చొక్కాకి కాలరు తిప్పి కుట్టేసింది. ముప్పయ్యేళ్ళలో అలాంటి తప్పు చెయ్యలేదు. విప్పుతూ విప్పుతూ తమ్ముణ్ణి తిట్టింది. మళ్ళీ కుట్టింది, మళ్ళీ తిట్టింది.

గురువారం ఐదింటికి బ్యానరు మడిచి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

మీటింగు పెయింట్ల షాపు పైన. మెట్ల నిండా పెయింటు వాసన. పైన పాతిక కుర్చీలు, పొడవాటి బల్ల, గోడకి ఆవిడ కుట్టిన పాత బ్యానర్లే మూడు. బల్ల మధ్య ప్రెసిడెంటు కుర్చీలో తమ్ముడు. పక్కన లాయరమ్మ, ముందు కాగితాల దొంతర. మరదలు కూడా సభ్యురాలే, కిటికీ దగ్గర టీ కప్పులు సర్దుతోంది.

టైలరమ్మని చూడగానే తమ్ముడి మొహం మాడిపోయింది. లాయరమ్మ మాత్రం ఆప్యాయంగా నవ్వి, వెనక వరసలో కూర్చోమని చెయ్యి చూపించింది. కూర్చుంది. చెప్తాడేమో చూద్దాం అనుకుంది. ఇంత కోపంలోనూ ఆ ఆశ చావలేదు.

తమ్ముడు రాబోయే కార్యక్రమాలు చదవడం మొదలుపెట్టాడు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో కార్యక్రమం చదివి, ‘అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి’ అంటారు. ఎవరూ ఎత్తరు. రెండు చప్పట్లు కొడతారు, అయిపోతుంది. రక్తదానం అలాగే అయిపోయింది. బస్సు డ్రైవర్లకి కళ్ళజోళ్ళు కూడా అయిపోయాయి. మూడోది ఆదివారం ఇల్లు.

ఆ ముక్క దగ్గర తమ్ముడు ఒక్క క్షణం ఆగాడు.

“నిరుపేద ఒంటరి మహిళ ఇల్లు,” అని గబగబా చదివేశాడు. “అభ్యంతరం ఉన్నవాళ్ళు...”

“ఒక్క నిమిషం,” అంది లాయరమ్మ. “దరఖాస్తు మీద సంతకం లేదు. ఆవిడ స్వయంగా వచ్చారు కదా, ఇక్కడే పెట్టించుకుందాం. రండమ్మా.”

టైలరమ్మ ముందుకి నడిచింది. బ్యానరు బల్ల మీద పడేసింది. సగం అంచు కుట్టకుండా వేలాడుతోంది. లాయరమ్మ పెన్ను అందించింది. ఆవిడ తీసుకోలేదు.

“ఇందులో ఒక గడి తప్పు రాశారు. బంధువుల గడి. నాకు తమ్ముడున్నాడు.”

లాయరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “ప్రెసిడెంటు గారు ఎవరూ లేరని రాశారే. ఎక్కడుంటాడమ్మా మీ తమ్ముడు?”

“ఇక్కడే, ఈ గదిలోనే. చెయ్యెత్తమని అడగండి. మీ పద్ధతే కదా.”

కుర్చీలు కిర్రుమన్నాయి. వాళ్ళు వీళ్ళని, వీళ్ళు వాళ్ళని చూసుకున్నారు. పళ్ళ డాక్టరు కెమెరా ఒళ్ళోకి దించుకున్నాడు. ఎవరికివారు తమని అనుకుంటారేమోనని చేతులు కట్టుకున్నారు.

“ఈవిడ తమ్ముడెవరో చెయ్యెత్తండి,” అంది లాయరమ్మ, కోర్టులో అడిగినట్టే.

తమ్ముడు కాగితాల అంచులు సర్దుతున్నాడు. సర్ది ఉన్నవాటినే మళ్ళీ సర్దుతున్నాడు. టైలరమ్మ అతన్నే చూస్తోంది. ఎత్తరా, ఒక్కసారి ఎత్తు, ఇప్పుడెత్తినా అన్నీ మర్చిపోతాను అని లోపల అరుస్తోంది.

కిటికీ దగ్గర ఒక చెయ్యి లేచింది.

“నేను ఈవిడ మరదల్ని,” అంది ప్రెసిడెంటు భార్య. అది అందరికీ వినపడింది. “మా ఆయనకి తోడబుట్టిన అక్క.”

గదిలో ఒక్కసారిగా కలకలం రేగింది. మరదలి మీద జాలి, వాత్సల్యం టైలరమ్మకి గొంతు దాకా వచ్చాయి. వాటిని దాటుకుని కోపమే బయటికొచ్చింది.

“నువ్వు దించమ్మా చెయ్యి,” అంది. “నేను పెంచింది నిన్ను కాదు.”

అందరి కళ్ళూ ప్రెసిడెంటు కుర్చీ మీదే ఉన్నాయి. తమ్ముడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. కాగితంలోంచి తల ఎత్తకుండా, పై కాగితం తీసి కింద పెట్టాడు.

“తర్వాతి కార్యక్రమం, స్కూలు వెనక రోడ్డుకి మొక్కలు నాటడం,” అన్నాడు. “అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

మరదలు తన చెయ్యి ఇంకా దించలేదు. లాయరమ్మ పెన్ను కింద పెట్టి తన చెయ్యి కూడా ఎత్తింది, ఆ అభ్యంతరం మొక్కల మీద కాదు. తర్వాత పళ్ళ డాక్టరు ఎత్తాడు, ఆయన వెనక ఇంకెవరో ఎత్తారు.

టైలరమ్మ ఆ చేతుల వైపు చూడలేదు. ఆవిడకి కావలసింది ఒక్క చెయ్యి. అది కాగితాల మీదే ఉంది.